రెండేళ్ళ పరీక్ష: కానిస్టేబుల్ ప్రొబేషన్ చరిత్ర, మన గూడేల వైపు నుంచి

పోస్టు పెద్దది. తీరిక ఉన్నప్పుడే చదవండి. కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళు మాత్రం మధ్యలో ఆపకుండా చివరిదాకా చదవండి.

మా హాస్టల్లో తెల్లవారుజామునే గ్రౌండ్ నిండిపోతుంది. 1600 మీటర్ల పరుగు, 100 మీటర్లు, లాంగ్ జంప్. ఆంధ్రాలో మామూలు అభ్యర్థికి 167.6 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు, ఏజెన్సీ ఎస్టీ అబ్బాయిలకు 160 ఉంటే చాలు. ఆ సడలింపు మీద ఎన్ని ఇళ్ళు ఆశ పెట్టుకున్నాయో మనకు తెలుసు. మా ఊళ్ళ వైపు ఇంట్లో మొదటి గవర్నమెంట్ జాబ్ అంటే టీచరు, లేకపోతే కానిస్టేబులు. లిస్టులో పేరు వచ్చిందంటే గూడెం మొత్తం సంబరం.

కానీ లిస్టులో పేరు రావడానికీ, ఆ ఉద్యోగం నిజంగా మనది కావడానికీ మధ్య ఒక కాలం ఉంది. దాని పేరు ప్రొబేషన్. కోచింగ్ పుస్తకాల్లో అరిథ్మెటిక్ ఉంటుంది, రీజనింగ్ ఉంటుంది, కరెంట్ అఫైర్స్ ఉంటాయి. ప్రొబేషన్ గురించి ఒక్క పేజీ కూడా ఉండదు. తీరా ఉద్యోగంలో చేరాక ఎవరికైనా ఆర్డర్ వచ్చి ఇంటికి పంపిస్తే, "ఏమైందో తెలీదు, తీసేశారంట" అనుకుంటాం. ఎందుకు తీయగలిగారు, ఎంతవరకు తీయగలరు అనేది తెలుసుకోం.

అందుకే దాని చరిత్ర మేము చదివినంత, మాకు అర్థమైనంత ఇక్కడ పెడుతున్నాం. ముందే ఒక మాట. చాలామంది ప్రొబేషన్‌ని మెడ మీద కత్తి అనుకుంటారు. చరిత్ర చూస్తే అది సగమే నిజం. పరీక్ష లేకుండా ఖాకీ ఇచ్చిన రోజుల్లో నష్టపోయింది మన గూడేలు. అంతం లేని పరీక్షలో పెట్టిన రోజుల్లో నష్టపోయింది మన పిల్లలు. ఇంతకాలమని హద్దు ఉండి, ముగిసే తేదీ ఉండి, కాగితం మీద రాసి ఉన్న ప్రొబేషన్ మాత్రం సాధించుకున్న హక్కు లాంటిది. ఈ తేడా అర్థం కావాలనే ఈ పోస్టు.

పరీక్ష లేని కాలం

మన ప్రాంతంలో పోలీసు అనే శాఖ విడిగా పుట్టింది 1859లో. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో పన్ను వసూలు చేసేదీ, దొంగను పట్టేదీ ఒకే తాసిల్దారు కింద ఉండే బంట్రోతులు. శిస్తు కట్టనివాళ్ళను ఎండలో నిలబెట్టడం, కొట్టడం, వంచి కట్టేయడం మామూలుగా జరిగేవి. దీని మీద గోల ఎక్కువై ప్రభుత్వమే ఒక విచారణ సంఘం వేసింది. ఆ సంఘం 1855లో రిపోర్టు ఇచ్చి, హింస జరుగుతున్న మాట నిజమేనని ఒప్పుకుంది. ఆ తర్వాతే రెవెన్యూ నుంచి పోలీసును విడదీసి, 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం తెచ్చారు. 1857 తిరుగుబాటు భయంతో మిగతా బ్రిటిష్ ప్రాంతాలకు 1861లో పోలీసు చట్టం వచ్చింది.

1861 చట్టంలో ఒక విషయం గమనించండి. కింది ఉద్యోగిని తీసేసే అధికారం పైఅధికారుల చేతుల్లో పెట్టారు. అదే ఉద్యోగి తనంతట తాను మానేయాలంటే అనుమతి కావాలి, లేదంటే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అంటే పైవాళ్ళు పంపించేయడం తేలిక, వీడు వెళ్ళిపోవడం కష్టం. ఇన్నేళ్ళు పరీక్ష, ఆ తర్వాత ఉద్యోగం నీది అని గట్టిగా చెప్పే మాట కానిస్టేబుల్‌కి లేదు. ఒక రకంగా బతుకంతా ప్రొబేషనే. అయితే ఆ చూపు ఎటువైపు అన్నది ముఖ్యం. పైవాళ్ళకు విధేయంగా ఉన్నాడా లేదా అని చూశారు. జనంతో ఎలా ఉన్నాడని అడిగినవాళ్ళు లేరు. జీతం తక్కువ, చదువు తక్కువ, ట్రైనింగ్ అంటే ఎక్కువగా కవాతు.

అలాంటి కానిస్టేబుల్ మన కొండల్లోకి వస్తే ఏమైందో రంప చెబుతుంది. మైదానం నుంచి వచ్చినవాడికి మన భాష రాదు, మన్యం జ్వరం అంటే భయం, ఎప్పుడు వెళ్ళిపోదామా అనే ఆలోచన. అప్పట్లో కల్లు గీతకు చిగురుపన్ను వేశారు. కిందినుంచి వచ్చిన వ్యాపారులు మనవాళ్ళతో అన్యాయమైన ఒప్పందాలు చేయించుకుని కోర్టులో దావా వేసేవాళ్ళు. మనవాళ్ళు హాజరు కాకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ తెచ్చుకుని, పశువుల్నీ సామానునీ జప్తు చేసుకుపోయేవాళ్ళు. వీటికి తోడు పోలీసుల దోపిడీ, లంచాలు. అన్నీ కలిసి 1879 మార్చిలో రంపలో తిరుగుబాటు మొదలైంది. ద్వారబంధాల చంద్రయ్య మనుషులు అడ్డతీగల పోలీసు స్టేషన్ కాల్చేశారు. కారం తమ్మన్నదొర పేరు మనందరికీ తెలిసిందే.

కోపం చూపించాల్సి వచ్చినప్పుడు మన పెద్దలు ముందు పోలీసు స్టేషన్ మీదికే ఎందుకు వెళ్ళారని చరిత్ర క్లాసులో ఎవరూ అడగరు. తుపాకులు అక్కడ ఉంటాయన్నది ఒక కారణం. సర్కారు అంటే గూడెం మనిషికి కనిపించే ముఖం ఆ కానిస్టేబులే అన్నది రెండో కారణం. కలెక్టర్ని ఎవరూ చూడలేదు, గవర్నర్ని అసలే చూడలేదు. చూసింది కానిస్టేబుల్‌నే. వాడు ఎలా ఉంటే సర్కారు అలా ఉన్నట్టు. 43 ఏళ్ళ తర్వాత 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర మొదలైనవాళ్ళు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడ్డారు. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. దానికి సర్కారు చెప్పిన జవాబు మలబార్ స్పెషల్ పోలీసు, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్. మళ్ళీ మన మాట రానివాళ్ళే.

ముందు నేర్పండి అన్న మాట

ఈ రెండు తిరుగుబాట్ల మధ్యలో పోలీసు మీద ఒక పెద్ద విచారణ జరిగింది. 1902లో కర్జన్ ప్రభుత్వం ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన పోలీసు కమిషన్ వేసింది. కమిషన్ తేల్చింది ఏంటంటే, పోలీసు శాఖ సమర్థంగా లేదు, శిక్షణలోనూ ఏర్పాటులోనూ లోపాలున్నాయి, పర్యవేక్షణ సరిగా లేదు, జనం దాన్ని అవినీతి శాఖగా, పీడించే శాఖగా చూస్తున్నారు. తెల్లదొరల కమిషనే రాసింది ఇదంతా. కానిస్టేబుల్‌కి బతకడానికి సరిపడే జీతం ఇవ్వాలనీ, చేరినవాళ్ళకు స్కూళ్ళు పెట్టి సరైన శిక్షణ ఇవ్వాలనీ సిఫార్సు చేసింది. నేర్పిన తర్వాతే పనిలో పెట్టాలనే ఆలోచన పోలీసులో గట్టిపడింది అప్పటినుంచే.

కానీ ఆ కమిషన్ దృష్టిలో కానిస్టేబుల్ అంటే చెప్పింది చేసే మనిషి. ఆలోచించే పని ఎస్సైది, కానిస్టేబుల్‌ది కాపలా, కవాతు, ఎస్కార్టు. 1977లో వేసిన జాతీయ పోలీసు కమిషన్, ధర్మవీర అధ్యక్షతన, 1979లో ఇచ్చిన మొదటి రిపోర్టులో ఈ అభిప్రాయాన్నే మార్చాలని చెప్పింది. కానిస్టేబుల్‌ని యంత్రంలా చూడకూడదు, జనంతో నేరుగా వ్యవహరించేది అతనే కాబట్టి సొంత వివేకంతో నిర్ణయం తీసుకునేలా తయారు చేయాలి అంది. యంత్రానికైతే ప్రొబేషన్ అక్కర్లేదు, పనిచేస్తుందో లేదో ఒక్కరోజులో తెలుస్తుంది. మనిషి వివేకం తెలియాలంటే కాలం పడుతుంది. ప్రొబేషన్‌కి అసలు అర్థం ఇదే అని మాకు అనిపిస్తుంది.

హైదరాబాద్ రాజ్యంలో ఇంకో ఉదాహరణ ఉంది. అది పోలీసుల గురించి కాదు, కానీ ఈ విషయానికి పనికొస్తుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంని నిజాం పోలీసులు చంపాక, గోండుల పరిస్థితి చూడమని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ప్రభుత్వం పంపింది. ఆయన ప్రయత్నంతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. అక్కడ నేర్చుకున్న గోండు కుర్రాళ్ళు టీచర్లయ్యారు, కొందరు తర్వాత ఊరి లెక్కలు చూసే ఉద్యోగాల్లోకీ, అటవీ శాఖలోకీ వెళ్ళారు. తుపాకీతో సర్దుబాటు కాని చోట, ఆ ఊరివాళ్ళకే నేర్పించి ఆ ఊళ్ళోనే ఉద్యోగం ఇచ్చారు. ముందు శిక్షణ, తర్వాత పని. మన ప్రాంతంలోనే అది జరిగి చూపించింది.

రాజ్యాంగం వచ్చాక

1950లో రాజ్యాంగంతో 311వ అధికరణం వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగిని తనని నియమించిన అధికారి కంటే కింది అధికారి డిస్మిస్ చేయకూడదు. ఆరోపణ ఏంటో చెప్పి, విచారణ జరిపి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా శిక్షగా ఉద్యోగం తీయకూడదు. 1861 నాటి కానిస్టేబుల్‌తో పోలిస్తే ఇది ఎంత పెద్ద మార్పో చూడండి.

మరి ప్రొబేషన్‌లో ఉన్నవాడి సంగతి? వాడికి ఇంకా ఉద్యోగం మీద హక్కు రాలేదు కదా? ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టులో చాలా ఏళ్ళు వాదన నడిచింది. ముఖ్యమైనవి మూడు కేసులు. కష్టమైన విషయం కాదు, నిదానంగా చదివితే అర్థమవుతుంది.

మొదటిది పరుషోత్తమ్ లాల్ ధింగ్రా కేసు, తీర్పు 1957 నవంబర్‌లో. ఆయన రైల్వే ఉద్యోగి. కేసు ఓడిపోయారు, కానీ ఆ తీర్పులో చెప్పిన సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఆ పోస్టు మీద హక్కు లేదు, పనికి సరిపోలేదని పంపించేయొచ్చు. కానీ తప్పు చేశాడని మచ్చ వేసి, శిక్షగా పంపిస్తే మాత్రం 311 వర్తిస్తుంది, విచారణ జరపాల్సిందే.

రెండోది 1968లో ధరమ్ సింగ్ కేసు. పంజాబ్ విద్యాశాఖలో ఉద్యోగులు. రూల్స్‌లో ప్రొబేషన్ ఎంత పొడిగించినా మొత్తం మూడేళ్ళు దాటకూడదని రాసి ఉంది. మూడేళ్ళు దాటాక కూడా పనిలో ఉంచుకుని, ఆ తర్వాత తీసేశారు. గరిష్ఠ హద్దు దాటి ఉంచుకున్నారంటే పర్మనెంట్ చేసినట్టే లెక్క అంది కోర్టు. ఇక్కడ జాగ్రత్త. ఈ మేలు రూల్లో హద్దు రాసి ఉన్నచోటే. హద్దు రాయని చోట, లేదా కన్ఫర్మేషన్‌కి విడిగా ఆర్డర్ కావాలని రాసిన చోట, ఏళ్ళు గడిచినంత మాత్రాన పర్మనెంట్ అయిపోం.

మూడోది 1974లో శంషేర్ సింగ్ కేసు, ఏడుగురు జడ్జీల బెంచ్. పంజాబ్‌లో ప్రొబేషన్‌లో ఉన్న ఇద్దరు కిందికోర్టు జడ్జీలను తీసేశారు. ఆర్డర్‌లో మాట మెత్తగా ఉన్నంత మాత్రాన సరిపోదు, దాని వెనక అసలు కారణం ఏంటో కోర్టు చూస్తుంది, లోపల ఉన్నది శిక్ష అయితే విచారణ లేకుండా చెల్లదు అని చెప్పి, ఆ ఆర్డర్లు కొట్టేశారు. జడ్జీలు తమ కోసం తెచ్చుకున్న ఈ తీర్పు ఇవాళ మారుమూల స్టేషన్లో చేరిన కొత్త కానిస్టేబుల్‌కి కూడా పనికొస్తుంది. ఆ సంగతి ఆ కానిస్టేబుల్‌కి తెలిసి ఉండాలి, అంతే.

మన రెండు రాష్ట్రాల్లో సబార్డినేట్ ఉద్యోగాలకు 1996 నాటి సర్వీస్ రూల్స్ ఉన్నాయి. నేరుగా రిక్రూట్ అయినవాళ్ళకు మామూలు లెక్క ఇది: వరసగా మూడేళ్ళ కాలంలో రెండేళ్ళు డ్యూటీలో ఉండాలి. "డ్యూటీలో" అన్న మాట గమనించండి. జ్వరం వచ్చి నెలలు నెలలు సెలవులో ఉంటే ఆ రోజులు కలవవు. పాసవ్వాల్సిన టెస్టులు ఉంటే పాసవ్వాలి. ఆ తర్వాత "ప్రొబేషన్ సంతృప్తికరంగా పూర్తి చేశారు" అని ఆర్డర్ వస్తుంది. ఆఫీసుల్లో దీన్నే ప్రొబేషన్ డిక్లేర్ అవ్వడం అంటారు. పోలీసులో మీ పోస్టుకు ఉన్న ప్రత్యేక రూల్ ఏంటో మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లోనే ఉంటుంది. అది ఫొటో తీసి స్టేటస్ పెట్టడానికి మాత్రమే కాదు, కూర్చుని ప్రతి లైను చదవడానికి.

అంతం లేని పరీక్ష

ఇప్పుడు నది అవతల మన చుట్టాల దగ్గరికి వెళ్దాం. 2005లో దంతేవాడ ప్రాంతంలో సల్వా జుడుం మొదలైంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆదివాసీ కుర్రాళ్ళను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా, అందరూ ఎస్పీవోలు అనేవాళ్ళే, తీసుకుంది. వాళ్ళ సంఖ్య వేలకు పోయింది. నెలకు 3000 రూపాయల గౌరవ వేతనం. ఐదో తరగతి పాసైనవాళ్ళకు ప్రాధాన్యం అన్నారు. ట్రైనింగ్ రెండు నెలలు. ఆ రెండు నెలల్లోనే ఆయుధం, కవాతు, చట్టాలు, మానవ హక్కులు, అన్నీ నేర్పామని కోర్టుకు చెప్పారు. చేతిలో తుపాకీ పెట్టి అడవిలోకి పంపారు.

నందినీ సుందర్ తదితరులు వేసిన కేసులో 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పు ఇచ్చారు. ఇంత తక్కువ చదువు, ఇంత తక్కువ శిక్షణతో కుర్రాళ్ళను ఈ పోరాటంలోకి దింపడం సమానత్వ హక్కుకు, జీవించే హక్కుకు, అంటే 14, 21 అధికరణాలకు విరుద్ధమని చెప్పారు. మావోయిస్టుల మీద పోరాటంలో ఎస్పీవోలను వాడొద్దని, ఇచ్చిన తుపాకులు వెనక్కి తీసుకోవాలని ఆదేశించారు. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సహాయక సాయుధ పోలీసు బలగం కోసం కొత్త చట్టం తెచ్చి ఎక్కువమందిని అందులోకి మార్చుకుంది.

ఎస్పీవోని ప్రొబేషన్ కళ్ళతో చూడండి. నిజమైన కానిస్టేబుల్‌కి నెలల తరబడి ట్రైనింగ్, తర్వాత పరీక్షా కాలం, తర్వాత పర్మనెంట్, జీతం స్కేలు, పింఛను లేదా సీపీఎస్. ఎస్పీవోకి ట్రైనింగ్ పేరుకే, పరీక్షా కాలం ఎప్పటికీ తీరదు, ఎప్పుడైనా వద్దనొచ్చు. కానీ ప్రమాదం మాత్రం నిజమైన కానిస్టేబుల్‌తో సమానం, కొన్నిసార్లు ఎక్కువే. వాడు కాల్చింది కూడా మన గూడేన్నే, వాడు చచ్చిపోతే ఏడ్చింది కూడా మన గూడెమే. అటు నుంచి పారిపోయి గోదావరి ఇవతలికి, భద్రాచలం, ములుగు అడవుల్లోకి వచ్చి బతుకుతున్న కుటుంబాలు ఇవాళ్టికీ ఉన్నాయి. శిక్షణా, పరీక్షా, హద్దూ ఏవీ లేకుండా అధికారం ఇస్తే ఇటు జనానికీ అటు ఆ కుర్రాడికీ రెండు వైపులా అన్యాయమే.

ఇంత భయంకరం కాకపోయినా, హద్దు జారిపోతే ఏమవుతుందో ఆంధ్రాలో కళ్ళముందే చూశాం. 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. అందులో మహిళా సంరక్షణ కార్యదర్శులు కూడా ఉన్నారు. 2021లో వాళ్ళను మహిళా పోలీసులన్నారు. రెండేళ్ళ ప్రొబేషన్, నెలకు 15,000 రూపాయలు. లెక్క ప్రకారం 2021 అక్టోబర్‌కి రెండేళ్ళు పూర్తి. కానీ డిక్లేర్ కాలేదు. 2022 జనవరిలో సచివాలయ ఉద్యోగులు రోడ్డెక్కారు. జూన్ నెలాఖరులోగా డిక్లేర్ చేసి జులై నుంచి కొత్త జీతాలిస్తామని ప్రభుత్వం చెప్పింది, అలాగే జులై నుంచి స్కేలు వచ్చింది. తొమ్మిది నెలలే కదా అనొచ్చు. అద్దె ఇంట్లో ఉండి, ఇంటికి డబ్బు పంపుతూ, 15,000తో బతికిన అక్కని అడగండి తొమ్మిది నెలలంటే ఎంతో. తేదీ రాసి ఉండటం వల్లే వాళ్ళు నిలబడి అడగగలిగారు. ఎస్పీవోకి అడగడానికి తేదీయే లేదు.

మన దగ్గర ఎక్కువ ప్రమాదం ఎక్కడుంది

ఇక మనకు నేరుగా తగిలే విషయం. సెలెక్ట్ అయినవాళ్ళకు అటెస్టేషన్ ఫారం ఇస్తారు. అందులో అడుగుతారు: ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, మీ మీద కేసు నడిచిందా, నిర్బంధంలో ఉన్నారా, బైండోవర్ అయ్యారా, జరిమానా పడిందా, శిక్ష పడిందా. తర్వాత స్పెషల్ బ్రాంచ్ వాళ్ళు ఊరికి వచ్చి, స్టేషన్ రికార్డు చూసి వెరిఫై చేస్తారు.

మైదానంలో ఇది మామూలు ఫారం. మన దగ్గర అలా కాదు. పోడు కొట్టినందుకు నాన్నతో పాటు కొడుకు పేరు కూడా అటవీ కేసులో రాస్తారు. ధర్నాలో నిలబడితే కేసు. పండగ రోజు ఊళ్ళో గొడవైతే రెండు వైపులా కేసు, తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ. ఎన్నికల ముందు బైండోవర్ అని తాసిల్దారు దగ్గరికి పిలిచి సంతకం పెట్టిస్తారు, దేనికో కూడా తెలీదు. ఈ పిల్లలు ఫారంలో "లేదు" అని రాసేస్తారు. కొందరికి కేసున్న సంగతే తెలీదు. కొందరు రాజీ అయింది కదా, ఇక లేనట్టే అనుకుంటారు. ఇంకొందరు భయంతో రాయరు. ప్రొబేషన్ మధ్యలో అది బయటపడుతుంది. అప్పుడు ఆ చిన్న కేసు పక్కకు పోతుంది, "నిజం దాచాడు" అన్నదే పెద్ద తప్పవుతుంది.

దీని మీద రెండు తీర్పులు గుర్తుపెట్టుకోండి. 2011లో ఢిల్లీ పోలీసు హెడ్ కానిస్టేబుల్ పోస్టుకు ఎంపికైన సందీప్ కుమార్ కేసు. అతనికి దాదాపు 20 ఏళ్ళున్నప్పుడు జరిగిన కొట్లాట, రాజీతో కేసు పోయింది. దరఖాస్తులో రాయలేదు. కుర్రతనంలో జరిగిన చిన్న తప్పుకు బతుకంతా ముద్ర వేయకూడదు, భయంతో రాయకపోయి ఉండొచ్చు అని సుప్రీంకోర్టు అతని వైపు నిలిచింది. ఆ తీర్పు చదివినప్పుడు మా రూంలో ఉన్నవాళ్ళందరి వయసూ అదే.

కానీ ఆ ఒక్క తీర్పు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ మొత్తం లెక్క తేల్చింది. కేసుల వివరాలు అడిగితే నిజమే రాయాలి. చిన్న వయసులో నినాదాలు చేసినట్టు చిన్న చిన్న కేసులైతే, దాచినా అధికారి వదిలేయొచ్చు, కానీ వదిలేయడం అతని విచక్షణ. నిజం రాసినా, ఆ కేసు స్వభావం చూసి తీసుకోవాలా వద్దా అనేది యజమాని నిర్ణయించొచ్చు. ఉద్యోగం కన్ఫర్మ్ అయినవాడినైతే దాచాడన్న కారణంతో తీసేయాలన్నా శాఖాపరమైన విచారణ జరపాలి. ఈ చివరి మాటతో ప్రొబేషన్‌కీ పర్మనెంట్‌కీ తేడా ఎంతో తెలుస్తుంది. అదే ఫారం, అదే తప్పు, కానీ డిక్లేర్ అయినవాడికి విచారణ ఉంది, కానివాడికి రక్షణ పల్చన.

అందుకని మేము మా హాస్టల్లో మాట్లాడుకుని పెట్టుకున్న పద్ధతి చెబుతాం, మీకు నచ్చితే పాటించండి. నోటిఫికేషన్ రాకముందే స్టేషన్లో, కోర్టులో మన పేరు మీద ఏమైనా ఉందా కనుక్కోవాలి. ఉంటే కేసు నంబర్, ఏ కోర్టు, ఏమైంది అన్నీ రాసి, తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. డబ్బుల్లేకపోతే మండల న్యాయ సేవా కమిటీకి వెళ్ళాలి, ఎస్టీలకు అక్కడ లాయర్ ఉచితం. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి, రాసిన ఫారం జిరాక్స్ దగ్గర పెట్టుకోవాలి. చేరాక, డ్యూటీ రోజుల లెక్క మనమే రాసుకోవాలి. మెమో ఇస్తే జవాబు కాగితం మీదే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. రెండేళ్ళు కాగానే డిక్లరేషన్ కోసం అర్జీ పెట్టాలి. ఇవన్నీ మనకు చెప్పే నాన్నలు, మామలు ఇంట్లో లేరు. ఉన్న మనమే ఒకరికొకరం చెప్పుకోవాలి.

ఫైలులో లేని పేజీ

ఒక్క మాట మిగిలింది. ఇది సెలెక్ట్ అయిన, అవబోయే మనవాళ్ళకు.

1855 నుంచి ఇప్పటిదాకా చూస్తే ప్రొబేషన్ ఫైలు చాలా మెరుగైంది. ట్రైనింగ్ మార్కులు ఉన్నాయి, టెస్టులు ఉన్నాయి, పైఅధికారి రిమార్కు ఉంది, ముగిసే తేదీ ఉంది, కోర్టు ఉంది. కానీ ఆ ఫైలులో ఊరు రాసే పేజీ ఒకటి కూడా లేదు. ఏజెన్సీ స్టేషన్లో రెండేళ్ళు పనిచేసిన కానిస్టేబుల్ గురించి గ్రామసభను ఎవరూ అడగరు. స్టేషన్‌కి వచ్చిన ముసలమ్మ చెప్పింది వాడికి అర్థమైందా, కోయలోనో కువిలోనో మాట్లాడేవాడిని ఎవరినైనా పిలిచాడా, సంతలో కోడిని ఉత్తినే పట్టుకుపోయాడా అని ఎక్కడా రాయరు. 1996 పెసా చట్టం ఊరి వనరుల మీద గ్రామసభకు మాట ఇచ్చింది. ఊరికి వచ్చే పోలీసు గురించి ఒక్క అభిప్రాయం అడిగితే నష్టమేంటి? అది వీటో కానక్కర్లేదు. ప్రొబేషన్ డిక్లేర్ చేసేముందు ఎస్పీ చదవాల్సిన ఒక్క పేజీ అయితే చాలు. ఈ డిమాండ్ మన సంఘాలు పెట్టొచ్చు, పెట్టాలి.

ఆ పేజీ వచ్చేదాకా దాన్ని మన పిల్లలే మనసులో పెట్టుకోవాలి. ఖాకీ వేసుకుని మన తమ్ముడు ఏదో ఒక గూడెంలోకి వెళ్తాడు. అక్కడి పెద్దలకు 1879 తేదీ తెలీకపోవచ్చు, కానీ పోలీసు వస్తే తలుపు వేసుకోవాలన్న సంగతి తాతల దగ్గర్నుంచి వచ్చి ఉంటుంది. పోలీసు వచ్చినా ఆ తలుపు తెరిచే ఉన్న రోజున, ఆ ఊరి లెక్కలో మన తమ్ముడి ప్రొబేషన్ డిక్లేర్ అయినట్టు.

పోస్టులో ఎక్కడైనా తేడా ఉంటే, సర్వీసులో ఉన్న అన్నలు, అక్కలు కామెంట్‌లో చెప్పండి. మీ డిక్లరేషన్ ఎన్నాళ్ళకు వచ్చిందో కూడా రాయండి, తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుంది. జోహార్.